అంకి: జపనీస్ నేర్చుకునే తెలుగువారికి ఎంతవరకు పనికొస్తుంది?

అంకి భాష నేర్పే యాప్ కాదు. ఈ సమీక్షను ఆ మాటతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దీన్ని ఎంతో ఉత్సాహంగా దించుకుని రెండు రోజుల్లో తీసేసేవారు సాధారణంగా ఇది పాఠాలు చెబుతుందన్న ఆశతో తెరిచినవారే. ఇందులో పాఠాలు లేవు, చేయి పట్టి నడిపించే గురువు బొమ్మ లేదు, గెలిచినప్పుడు మోగే గంటలు లేవు. తెరవగానే కనిపించేది దాదాపు ఖాళీ తెర. ముందువైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు ఉన్న కార్డులను మనం ఇస్తే, ఏ కార్డును ఏ రోజున మళ్లీ చూపించాలో లెక్కగట్టి చూపించడం ఒక్కటే దీని పని. ఆ పనిని ఇది ఎంత బాగా చేస్తుందో, అందుకు మన దగ్గరినుంచి ఎంత శ్రమ కోరుతుందో, పద్నాలుగు నెలలుగా సొంతంగా జపనీస్ చదువుకుంటున్న నా అనుభవంలోంచి చెబుతాను.

పేరు కూడా జపనీస్‌దే. ఆ భాషలో ‘అంకి’ అంటే కంఠస్థం చేయడం. డేమియన్ ఎల్మ్స్ అనే ప్రోగ్రామర్ తన జపనీస్ చదువుకోసం రాసుకున్న ఈ సాఫ్ట్‌వేర్ 2006లో బయటికి వచ్చింది; తర్వాత భాషల గడప దాటి వైద్య విద్యార్థుల చదువుల్లోకి కూడా చేరింది. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే అంకిడ్రాయిడ్‌ను వేరొక స్వచ్ఛంద బృందం తయారుచేసి ఉచితంగానే ఇస్తోంది. ఐఫోన్ కోసం ఉన్న అంకిమొబైల్‌ను మాత్రం ఒకసారి డబ్బు పెట్టి కొనాలి. కంప్యూటర్ రూపం ఉచితంగా నడవడానికి ఆ రాబడి తోడ్పడుతుంది. అంకివెబ్ ఖాతా తెరిస్తే కంప్యూటర్‌లో రాసిన కార్డులు ఫోన్‌లోకీ, ఫోన్‌లో చేసిన రివ్యూలు, అంటే పాత కార్డుల పునశ్చరణలు, కంప్యూటర్‌లోకీ చేరుతాయి. ఇలాంటి పేర్లే పెట్టుకున్న ఇతర యాప్‌లు కూడా స్టోర్లలో కనిపిస్తాయి కనుక దించుకునేముందు పూర్తి పేరు సరిచూసుకోవాలి.

దీని వెనుక ఉన్న ఆలోచన మాత్రం చాలా పాతది. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల కూర్పులను తానే వల్లె వేసి, తన మరపును తానే కొలుచుకుని, నేర్చినది మొదట్లో ఎంత వేగంగా జారిపోతుందో, మళ్లీ మళ్లీ చదివితే ఆ జారుడు ఎలా నెమ్మదిస్తుందో 1885లోనే ప్రకటించాడు. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ఈ సూత్రాన్ని అరలున్న అట్టపెట్టెగా మార్చాడు: సరిగ్గా చెప్పగలిగిన కార్డు తర్వాతి అరలోకి పోతుంది, తప్పిన కార్డు మొదటి అరకు తిరిగి వస్తుంది, వెనుక అరలను అరుదుగా మాత్రమే తీస్తాం. 1987లో పోలండ్‌కు చెందిన ప్యోటర్ వోజ్నియాక్ తన సూపర్‌మెమో కోసం ఇదే పనిని కంప్యూటర్ లెక్కగా రాశాడు. అంకి చాలా ఏళ్లపాటు ఆ లెక్కకే చిన్న చిన్న మార్పులు చేసుకుని నడిచింది. మనకు అలవాటైన వల్లెవేతకూ దీనికీ తేడా ఒక్కటే. ఒక మాటను ఒకే పూట వందసార్లు అనడం వల్లెవేత. మరిచిపోబోయే వేళకు ఒక్కసారి, అదీ జవాబు చూడకుండా, గుర్తుతెచ్చుకోవడం అంకి పద్ధతి.

రోజువారీ పని చాలా సులభం. కార్డు ముందువైపు చూస్తాం, జవాబు మనసులో అనుకుంటాం, తిప్పి చూసి అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతాం. పాత లెక్క ప్రకారమైతే కొత్త కార్డు ఒక నిమిషానికి, తర్వాత పది నిమిషాలకు, ఆపైన మర్నాడు కనిపిస్తుంది. ప్రతిసారీ ‘గుడ్’ నొక్కుతూ పోతే ఎడం దాదాపు రెండున్నర రెట్ల చొప్పున పెరుగుతూ రెండు మూడు రోజులు, వారం, ఇరవై రోజులు, నెలన్నర అవుతుంది. మొండికేయని మాటైతే ఏడాది మొత్తంలో దానికోసం వెచ్చించిన సమయం రెండు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడ కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. జవాబు తట్టనప్పుడు ‘అగైన్’ నొక్కడానికి మనసొప్పక ‘హార్డ్’ నొక్కుతారు. ‘హార్డ్’ అంటే కష్టపడైనా సరిగ్గానే చెప్పానని అర్థం, మరిచిపోయానని కాదు. మరిచిన కార్డుకు ‘హార్డ్’ నొక్కితే మనకు ఆ మాట వచ్చేసిందని లెక్క నమ్ముతుంది, దాన్ని ఇంకా దూరానికి నెడుతుంది. మొదటి రెండు నెలలు నేను చేసింది అదే. మూడో నెలలో నాకు వచ్చనుకున్న మాటలు గుంపులుగా ఎదురు తిరిగాయి.

2023లో అంకిలోకి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క వచ్చి చేరింది. ఇది ప్రతి కార్డుకూ మూడు విషయాలు అంచనా వేస్తుంది: ఆ కార్డు ఎంత కష్టమైనది, దాని జ్ఞాపకం ఎంతకాలం నిలబడగలదు, సరిగ్గా ఈ క్షణాన అది గుర్తుండే అవకాశం ఎంత. మన పాత జవాబులన్నిటినీ చూసి తనను తాను సరిదిద్దుకోగలదు. మనం చెప్పవలసింది ముఖ్యంగా ఒక్కటే, నూటికి ఎన్ని కార్డులు గుర్తుండాలని కోరుకుంటున్నామన్నది. మొదట అది 90 శాతంగా ఉంటుంది. ఆ అంకెను 95కు పెంచితే జ్ఞాపకం కొద్దిగానే మెరుగుపడుతుంది కానీ రోజువారీ రివ్యూలు విపరీతంగా పెరుగుతాయి. అన్నీ గుర్తుండాలనే పట్టుదల భాషల చదువులో పెద్దగా లాభించదు, ఎందుకంటే మరిచిన మాట రేపు ఏదో ఒక వాక్యంలో మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది. నేను 90 దగ్గరే ఉంచుకున్నాను. డెక్ (అంటే కార్డుల కట్ట) ఆప్షన్లలో ఈ లెక్కను ఆన్ చేసుకోవడం మొదటి రోజే చేయవలసిన పని.

ఇంతవరకు చెప్పింది ఏ దేశంవారికైనా, ఏ సబ్జెక్టుకైనా వర్తించేదే. తెలుగు మాతృభాషగా ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి కార్డుల మీద ఏం రాయాలన్నది.

నేను కూడా చాలామందిలాగే ఇతరులు తయారుచేసి ఉచితంగా పంచిన డెక్‌తో మొదలుపెట్టాను. వేల మాటలు, ప్రతి మాటకూ ఇంగ్లీషు అర్థం, ఉచ్చారణ, ఒక వాక్యం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ డెక్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంగ్లీషు మాట్లాడేవారు ఇంగ్లీషు మాట్లాడేవారికోసం చేసుకున్నది అది. అయితే కొన్ని వారాలకు ఒక వింత గమనించాను. నేను పదే పదే తప్పుతున్న కార్డుల్లో సగానికి సగం ఒకే జాతివి. ‘అకెరు’, ‘అకు’ రెండింటికీ అర్థం దగ్గర ‘ఓపెన్’ అనే ఉంది. ‘షిమెరు’, ‘షిమరు’ రెండింటికీ ‘క్లోజ్’ అని ఉంది. ‘తొమెరు’, ‘తొమరు’ రెండింటికీ ‘స్టాప్’ అని ఉంది. ఒకటి సకర్మకమని, మరొకటి అకర్మకమని పక్కన చిన్న అక్షరాల్లో గుర్తులున్నాయి కానీ, కార్డు చూసే మూడు నాలుగు సెకన్లలో వ్యాకరణ పరిభాష ఎవరి బుర్రకెక్కుతుంది? ఒకే కార్డును ఎనిమిదిసార్లు తప్పితే అంకి దానికి ‘లీచ్’ అని, అంటే జలగ అని, ముద్ర వేసి పక్కన పెట్టేస్తుంది. నా జలగల జాబితా నిండా ఈ జంటలే.

ఒకరోజు ఆ జాబితాను ముందు పెట్టుకుని, ఇంగ్లీషు అర్థాలు చెరిపేసి తెలుగు రాయడం మొదలుపెట్టాను. ‘తలుపు తెరిచాను’ అంటే ‘దొఅ ఒ అకెత’. ‘తలుపు తెరుచుకుంది’ అంటే ‘దొఅ గ అఇత’. అంతే, మరో వివరణ అవసరం లేకపోయింది. తెరవడం, తెరుచుకోవడం, మూయడం, మూసుకోవడం, ఆపడం, ఆగడం, మొదలుపెట్టడం, మొదలవడం, పగలగొట్టడం, పగలడం: ఇంగ్లీషు తరచుగా ఒకే మాటతో సరిపెట్టే చోట తెలుగు, జపనీస్ రెండూ రెండు మాటలు వాడతాయి. ఇంత దగ్గర దారి ఉండగా నేను ఇంగ్లీషు మీదుగా వెళ్లడం ముక్కేదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టే అయింది. ఆ రోజు మార్చిన కార్డుల్లో మళ్లీ జలగలైనవి చాలా తక్కువ.

ఆ తర్వాత వ్యాకరణమంతటినీ ఈ కంటితోనే చూడడం అలవాటైంది. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనుకనే చేరుతాయి. అది ఏ పరిచయ పుస్తకమైనా చెబుతుంది. అంతకంటే లోతుగా పోయే పోలికలు కార్డులు రాసేటప్పుడే బయటపడతాయి. ‘చేసి చూడు’ అనే మన పలుకుబడి జపనీస్‌లో ‘షితె మిరు’. ‘మిరు’ అంటే చూడడమే, ప్రయత్నించడమనే భావానికి రెండు భాషలూ చూపునే వాడుకున్నాయి. ముందుచూపుతో ‘రాసి పెట్టు’ అంటాం, వారు ‘కఇతె ఒకు’ అంటారు. ‘ఒకు’ అంటే పెట్టడం. ‘వస్తానని చెప్పాడు’లోని ‘అని’ చేసే పనినే ‘కురు తొ ఇత్త’లో ‘తొ’ చేస్తుంది. ‘నిన్న చదివిన పుస్తకం’ అన్నదాన్ని మాటకు మాట పెట్టి ‘కినో యొంద హొన్’ అనవచ్చు. ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్న పాఠ్యపుస్తకం ఈ చివరి నిర్మాణాన్ని వివరించడానికి ఒక అధ్యాయమే కేటాయిస్తుంది, ఎందుకంటే ఆ పాఠకుడికి విశేషణ వాక్యం నామవాచకానికి ముందు రావడం వింత. మనకు అది పుట్టుకతో వచ్చిన వరస. నేను ఆ అధ్యాయం చదవకుండా పది కార్డులు రాసుకున్నాను, అవి చాలాయి.

ఉచ్చారణలో కూడా తెలుగు లిపి మొదటి మూడు వారాలు గొప్ప ఆసరా. జపనీస్ అచ్చులు అయిదు, ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. మన అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఒ ఓ వాటికి సరిగ్గా సరిపోతాయి. ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ‘ఒబసన్’ అంటే అత్తయ్య, పిన్ని వరస. ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ, నానమ్మ. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే కోసి. రోమన్ అక్షరాల్లో గీతలు పెట్టి చూపవలసిన ఈ తేడాలను తెలుగు చదివేవారు ప్రత్యేకంగా నేర్చుకోనవసరం లేదు. చాలామంది తడబడే ‘త్సు’ కూడా మనకు కొత్త కాదు, ‘చుక్క’ అనేటప్పుడు మనం పలికే ‘చు’ దానికి చాలా దగ్గర. అయితే లిపి ఇచ్చే ఈ ధీమా ఒక హద్దు దాటితే చేటు చేస్తుంది. ‘దెసు’ అని రాసుకున్నది వినేటప్పుడు ‘దెస్’ లాగే వినిపిస్తుంది. ‘హషి’ అనే మాట స్వరం ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ దిగుతుందో దాన్నిబట్టి చాప్‌స్టిక్స్ కావచ్చు, వంతెన కావచ్చు. తెలుగు లిపిలో ఆ తేడా చూపే గుర్తే లేదు. అందుకే ప్రతి కార్డుకూ జపనీయుల గొంతుతో ఉన్న ఆడియో జతచేయాలి. జపనీస్ ధ్వనులను రాసే రెండు వర్ణమాలలు, అంటే 46 హిరగన అక్షరాలు, 46 కతకన అక్షరాలు, వచ్చిన రోజునే కార్డుల మీదినుంచి తెలుగు లిప్యంతరీకరణ తీసేయాలి, అర్థం మాత్రం తెలుగులో ఉంచుకోవాలి. నేను ఆ ఊతకర్రను ఒక నెల ఎక్కువ ఉంచుకున్నాను, ఆ నెలంతా జపనీస్ అక్షరాలు చదవకుండా వాటి కింది తెలుగే చదివాను.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. పిల్లి ఉంది, పుస్తకం ఉంది అని మనం ఒకే క్రియ వాడతాం. వారు పిల్లికి ‘ఇరు’, పుస్తకానికి ‘అరు’ వాడతారు. ‘వ’, ‘గ’ అనే ప్రత్యయాల మధ్య తేడాకు మన ‘అయితే’ కొంతదూరం తోడు వస్తుంది, తర్వాత చేయి వదిలేస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు క్రియల దగ్గర. తెలుగులో ‘వెళ్తాను’, ‘వెళ్తావు’, ‘వెళ్తారు’ అన్నప్పుడు ఎవరన్నది క్రియలోనే తెలిసిపోతుంది. జపనీస్‌లో అన్నిటికీ ‘ఇకిమసు’ ఒక్కటే. కనుక జపనీస్ వైపు చూసి తెలుగు చెప్పే కార్డుకు సరైన జవాబులు అనేకం; తెలుగు వైపు చూసి జపనీస్ చెప్పే కార్డుకు మర్యాద స్థాయి ఏదన్నది తెలియదు, ఎందుకంటే స్నేహితుడితో ‘ఇకు’ అంటే చాలు. ఈ గందరగోళం పోవాలంటే ఒంటరి మాటలను వదిలి చిన్న వాక్యం రాయాలి, ఎవరు ఎవరితో అంటున్నారో ఒక్క మాటలో చెప్పాలి. ‘అధికారితో: రేపు నేను వెళ్తాను’ అని రాసుకుంటే మరో జవాబుకు తావుండదు.

చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలైన కంజి విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. నిత్య వ్యవహారానికి అవసరమైనవని జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జాబితాలో 2,136 అక్షరాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా, అన్ని ఉచ్చారణలతో సహా కార్డులకెక్కించి బట్టీ పట్టడానికి అంకి చక్కగా వీలిస్తుంది. వీలిస్తుంది కదా అని చేయకూడదు. పుట్టుక, బతుకు అనే అర్థాలున్న ఒక్క అక్షరమే విద్యార్థి అనే ‘గకుసే’లో ‘సే’ అని, పుట్టినరోజు అనే ‘తంజోబి’లో ‘జో’ అని, బతకడమనే ‘ఇకిరు’లో ‘ఇ’ అని పలుకుతుంది, పచ్చిది అనే అర్థంలో ఒంటరిగా నిలిచినప్పుడు ‘నమ’ అవుతుంది. ఉచ్చారణల పట్టిక కంఠతా వచ్చినంత మాత్రాన ఎక్కడ ఏది పలకాలో తెలియదు. మాట నేర్చుకుంటే అక్షరం దాని వెంట వస్తుంది.

ఇక భారం సంగతి. అంకి మొదటి రోజున రోజుకు 20 కొత్త కార్డులు చూపించేలా అమర్చి ఉంటుంది. మొదటి వారం అది మరీ తక్కువనిపించి 30కి పెంచాను. ఈ రోజు చేర్చిన కార్డు రేపు, ఎల్లుండి, వచ్చే వారం, వచ్చే నెల తిరిగి వస్తుందన్న లెక్క నాకు తలకెక్కలేదు. రెండో నెల చివరికి రోజూ గంటకు పైగా రివ్యూలే. అయిదు రోజులు ఆపి తిరిగి తెరిస్తే వందల కార్డులు పేరుకుని ఉన్నాయి. దాన్ని చూసి మూసేసి మరో నాలుగు రోజులు తెరవలేదు. చివరికి కొత్త కార్డులు పూర్తిగా నిలిపేసి, రోజుకు 80 చొప్పున పాతవి తీర్చుకుంటూ మూడు వారాల్లో ఒడ్డున పడ్డాను. ఇప్పుడు రోజుకు 8 కొత్తవి మాత్రమే చేరుస్తున్నాను, మొత్తం పని ఇరవై అయిదు నిమిషాల్లో ముగుస్తోంది. ఈ విషయంలో అంకి మనల్ని అదుపు చేయదు, ఎంత మీద వేసుకుంటే అంతా మోయమంటుంది. కొత్తవారికి నేను చెప్పగలిగేది, మొదటి నెల 5 నుంచి 10 దాటవద్దని.

ఇంతకుముందు నేను ఆటల తరహాలో నడిచే ఒక యాప్‌ను ఏడు నెలలు వాడాను, దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఒక్క రోజు తప్పినా రోజుల వరస తెగిపోతుందన్న భయంతో రాత్రి పదకొండున్నరకు లేచి కూర్చుని, బాగా వచ్చిన పాఠాన్నే మళ్లీ చేసి వరస కాపాడుకునేవాణ్ణి. నాలుగు జవాబుల్లోంచి సరైనదాన్ని ఎంచుకోవడంలో మాత్రం బాగా ఆరితేరాను. అయితే అలాంటి యాప్‌లు బొత్తిగా పనికిరావని అనను: అక్షరాలు పరిచయం కావడానికి, కూర్చునే అలవాటు పడడానికి అవి బాగానే సాయపడతాయి, అంకికి లేని ఆకర్షణ వాటికుంది. జవాబును ఎంచుకోవడం వేరు, శూన్యంలోంచి గుర్తుతెచ్చుకోవడం వేరు. ఈ రెండో పని ఇబ్బందిగా ఉంటుంది, మెదడుకు పట్టేది మాత్రం అదే.

అంకి రూపం గురించి రెండు మాటలు. చూడ్డానికి కార్యాలయపు పాత సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. నోట్ వేరు, కార్డు వేరు, డెక్ వేరు అన్న సంగతి అర్థం కావడానికే రెండు మూడు రోజులు పడుతుంది: నోట్ అంటే మనం నింపే సమాచారం, దాన్నుంచి ఒకటి లేదా రెండు కార్డులు పుడతాయి. కార్డు అందంగా కనిపించాలంటే వెబ్ పేజీలు రాసేవారి కోడ్ కొంత ముట్టుకోవాలి. తెలుగు, జపనీస్ అక్షరాలు ఒకే కార్డు మీద పక్కపక్కన ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తాయి. వాక్యంలో ఒక మాట దాచి, దాన్ని పూరించమనే ‘క్లోజ్’ (cloze) తరహా నోట్ ప్రత్యయాలు నేర్చుకోవడానికి చాలా ఉపయోగం. నాకు ‘ని’, ‘దె’ల మధ్య తేడా తెలిసింది దానివల్లే. అంకికి అదనపు సౌకర్యాలు చేర్చే యాడ్-ఆన్ల జోలికి మొదటి మూడు నెలలు పోకపోవడం మంచిది. అవి అమర్చుకోవడం చదువులాగే అనిపిస్తుంది, చదువు మాత్రం కాదు.

దీనివల్ల కానిదేమిటో కూడా చెప్పాలి. వెయ్యికి పైగా మాటలు వచ్చాక, ఆన్‌లైన్‌లో ఒక జపనీయుడితో మొదటిసారి మాట్లాడవలసి వచ్చినప్పుడు, నేను ఏం పని చేస్తానో చెప్పడానికి అర నిమిషం పట్టింది. మాటలన్నీ తెలుసు, వాటిని వరసగా నోటికి తెచ్చుకునే వేగం లేదు. చెవికి కూడా అంతే, కార్డు మీద విడిగా వినిపించిన మాట మామూలు సంభాషణ వేగంలో కలిసిపోయి వస్తే గుర్తుపట్టలేదు. జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ స్థాయిలోనూ మాట్లాడే పరీక్ష లేదు కనుక, అంకిని నమ్ముకున్నవారు పరీక్షలో నెగ్గి కూడా నోరు విప్పలేని స్థితిలో ఉండిపోవచ్చు. నేను ఇప్పుడు చదువుకు కేటాయించే సమయంలో మూడో వంతు అంకికి, మిగిలింది వినడానికీ, చదవడానికీ, వారానికి రెండుసార్లు మాట్లాడడానికీ ఇస్తున్నాను. కొత్త కార్డులు కూడా అక్కడినుంచే వస్తాయి: విన్న వాక్యంలో ఒక్క మాట తెలియకపోతే ఆ వాక్యమే కార్డవుతుంది, ఏ జాబితాలోంచీ తెచ్చుకోను.

వ్యాకరణం ఒక పుస్తకంలోనో, బోధకుడి దగ్గరో నేర్చుకుంటూ, నేర్చినది జారిపోతోందని బాధపడేవారికి అంకిని నిస్సంకోచంగా సూచిస్తాను. రోజూ ఇరవై నిమిషాలు కుదరనివారికీ, వారాంతంలో మాత్రమే చదివేవారికీ ఇది ఉపయోగం కంటే అపరాధభావమే ఎక్కువ ఇస్తుంది. మొదటి భాషాభ్యాసం ఇదే అయినవారు అక్షరాలు వచ్చాక మొదలుపెట్టడం మేలు.

నా డెక్ పంపమని ఇద్దరు మిత్రులు అడిగారు. పంపడం తేలిక, మొత్తం ఒకే ఫైలుగా బయటికి వస్తుంది. పంపేముందు ఒకసారి కార్డులు తిరగేస్తే, ‘ఆ రోజు బస్సు తప్పినప్పుడు అనుకున్నది’ అని ఒకదాని మీద, ‘సుమారుగా పెదనాన్న కసురుకున్నట్టు’ అని మరొకదాని మీద రాసి ఉంది. నాకు ఆ మాటలు గుర్తుండడానికి కారణం ఆ రాతలే. మరొకరికి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే హిరగన, కతకన కార్డులు, తెరవడం-తెరుచుకోవడం జంటలు మాత్రం విడదీసి పంపాను, మిగతావి మీరే రాసుకోండని చెప్పాను. వారిలో ఒకరు ఇప్పటికి నలభై కార్డులు రాశారు. రెండోవారు ఇంకా సిద్ధంగా దొరికే డెక్ కోసం వెతుకుతున్నారు.